వైఫై పెట్టెలు చచ్చిపోయిన ఆదివారం

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను అని రాసి, కొట్టేశాను. బరువు మోసేవాళ్లంటే ఎవరికైనా కాస్త జాలి ఉంటుంది. నాకు ఆ జాలి అక్కర్లేదు. నాలో ఉన్నది మూతపెట్టి మరిచిపోయిన గిన్నెలాంటిది. లోపల ఏముందో నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ మూత తియ్యలేదు. ఈ రోజు మీ ముందు తీస్తున్నాను. ముక్కు మూసుకున్నా నేనేమీ అనుకోను.

నా పేరు చెప్పను. శ్రీకాకుళంలో ఉంటాను. హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఇంటికొచ్చి డైరీ రాసుకుంటాను, పుస్తకాలు చదువుకుంటాను. కథల్లో ఎవరైనా తప్పు చేసి ఇంకొకరి మీదకి నెట్టేస్తే పేజీ మీదే వాళ్లని తిట్టుకునేదాన్ని. అంత నిజాయితీ నాకెక్కడిదనుకున్నానో!

మా కాలేజీలో ప్రతి గది పైకప్పుకీ ఒక తెల్లటి వైఫై పెట్టె ఉంటుంది. యాక్సెస్ పాయింట్ అంటాం. వాటన్నిటికీ పెద్ద, సర్వర్ గదిలో ఉండే కంట్రోలర్. దాని సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడల్లా ఈ పెట్టెలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్ దించుకుని, ఆగి, మళ్లీ లేస్తాయి. అన్నీ ఒక్కసారే దించుకోవడం మొదలుపెడితే గంటలు పడుతుంది. అందుకని ఆ సాఫ్ట్‌వేర్‌ని ముందుగానే పెట్టెల్లోకి పంపి ఉంచుకోవాలి. చివరి మీట ఆ తర్వాతే నొక్కాలి. ఇది నాకు తెలియక కాదు. బాగా తెలుసు.

సోమవారం ఒక కంపెనీవాళ్లు వచ్చి మా పిల్లలకి ఉద్యోగాల కోసం ఆన్‌లైన్ పరీక్ష పెడతారనగా, ఆదివారం ఆ పని పెట్టుకున్నాం. పొద్దున్నే వెళ్లాల్సింది. అరసవల్లి గుడికి వెళ్లే ఆదివారం జనంతో ఆటోలు నిండిపోయి, నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా చైర్మన్ గారికి ఒక పట్టింపు. కాలేజీలో కొత్తది ఏది మొదలుపెట్టినా మంచి గడియ చూడాలి. ప్రింటర్ కొన్నా దానికి కుంకుమబొట్టు పెడతారు. సర్వర్ గది గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాకే నన్ను లోపలికి రానిచ్చారు. ఇంతలో కాలేజీ ఆఫీసు నడిపే ఏఓ గారి ఫోన్.

"ఏటమ్మా, ఇంకా మొదలెట్టనేదా? నాలుగున్నర దాటితే రాహుకాలం వచ్చేస్తాది. సైర్మన్ గారు నన్ను పీక్కు తినేస్తారు. నొక్కేసీ!"

ముందుగా పంపాల్సినవి పంపలేదండీ అని నేను చెప్పలేదు. నొక్కేశాను.

పెట్టెలు ఒక్కొక్కటే ఆఫ్‌లైన్ అయ్యాయి. తెరమీద పచ్చచుక్కలన్నీ ఎర్రగా మారిపోయాయి. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, చేతులు ముడుచుకుని కూర్చోవడం. ఎంతసేపైనా అవి వాటంతటవే లేచి వచ్చేవి. నేను కూర్చోలేకపోయాను. రేపు పరీక్ష, రేపు పరీక్ష అని తలలో ఒకటే మోత. లేచి వెళ్లి, ఆ పెట్టెలకి కరెంటు పంపే స్విచ్‌లన్నిటినీ ఆపేసి, మళ్లీ వేశాను. సాఫ్ట్‌వేర్ లోపల సగం రాసుకుంటున్న పెట్టెలు అవి. అలాంటప్పుడు కరెంటు తీస్తే చచ్చిపోతాయని కూడా నాకు తెలుసు. తెలిసిన చెయ్యే ఆ పని చేసింది. కొన్ని లేచాయి. చాలా వాటిల్లో దీపం మళ్లీ వెలగలేదు.

ఇక్కడిదాకా తప్పే. నేరం ఇంకా మొదలవలేదు.

ఏఓ గారు మళ్లీ ఫోన్ చేసి ఏమైందని అడిగారు. "యూపీఎస్ ట్రిప్ అయిందండీ" అన్నాను, కరెంటు దానంతటదే పోయినట్టు. ఆ మాట కోసం వెతుక్కోలేదు. నాలుక చివరే ఉంది. ఎందుకుంది? ఎప్పటినుంచి ఉంది? ఈ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. అదీ చెబుతాను.

కరెంటు తెగకుండా కాచే యూపీఎస్, జెనరేటర్ చూసే ఆయన అప్పన్న. కళింగపట్నం మనిషి. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. సర్వర్ గదిలో పని జరుగుతున్నంతసేపూ ఆయన అక్కడి యూపీఎస్ దగ్గరే ఉండాలి. అదే ఆయన ఉద్యోగం. ఆ రోజు కూడా నా పక్కనే స్టూలు వేసుకుని క్యారేజీ విప్పాడు. ఎండుచేపల పులుసు. నేను చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"ఏటి పాపా, ముక్కు మూసుకున్నావు? మీ ఇంటికాడ సేపలు సెంటు పూసుకుని వస్తాయేటి?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన క్యారేజీ మూసేశాడు. "సర్లే, బయట కూకుని తింతాను. నీ పెట్టెలికి ఈ వాసన తగిలితే సిగ్నల్ రాదేమో మల్ల!"

అలా వెళ్లాడు. నేను పంపితే వెళ్లాడు. నేను స్విచ్ ఆపినప్పుడు ఆయన అక్కడ లేడు. ఆయన అక్కడ లేడన్న ఒక్క ముక్క మీదే నా అబద్ధమంతా నిలబడింది.

ఇంకో మాట కూడా రాసేస్తాను. మా ఇంట్లోనూ ఎండుచేపలు వండుతారు. అమ్మ వంకాయలో వేస్తే మారు వడ్డించుకుంటాను. మరి ఆ ముక్కెందుకు మూసుకున్నట్టు? ఏసీ గదిలో, కంప్యూటర్ ముందు, మెళ్లో కార్డు వేసుకుని కూర్చున్నదాన్ని కదా. ఆయనా నేనూ ఒకటి కాదని ఆ గదికి చూపించుకోవాలనిపించింది. చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఆ చున్నీ గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే రోతగా ఉంటుంది. ఆయన్ని అంతకుముందే మనసులో ఒక మెట్టు కిందికి తోసేశాను. కిందున్న మనిషి మీద ఏదైనా పడెయ్యడం ఎంత తేలికో ఆ సాయంత్రం తెలిసింది.

సోమవారం పరీక్ష జరగలేదు. కంపెనీవాళ్లు వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. పరీక్ష కోసం ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చిన పిల్లలు వరండాలో కూర్చుని, చీకటి పడేదాకా లేవలేదు. మర్నాడు ఏఓ గారు అందరి ముందూ అప్పన్నని నిలబెట్టి అడిగారు. బువ్వకెల్లేనండి, అన్నాడు. ఇంకేం కావాలి? నన్నెవరూ ఏమీ అడగలేదు. పెట్టెలు ఎలా చచ్చిపోతాయో అక్కడ ఇంకెవరికీ తెలియదు కూడా. ఆ రోజే ఆయన్ని మానిపించేశారు.

మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"పాపా, నిజం సెప్పు. యూపీఎస్ కొట్టేసినాదా?"

"అవును బాబాయ్."

"అది కొట్టేస్తే పీకలు తెగేలా అరుస్తాది గదా. నాకినపడనేదేటి?"

"మీరు బయట ఉన్నారు కదా" అన్నాను.

ఈ నోటితోనే అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. తన చెవుల్నే తాను అనుమానించడం నేను కళ్లారా చూశాను.

"అయ్యుంటాదిలే. గాలి కూడా గట్టిగుంది. నాదే బుద్ధి గడ్డి తిన్నాది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడిపోయాడు. "ఒలే, నువ్వేటి ఏడుస్తావు? నీ ఉజ్జోగానికేటీ అవదు. ఊరుకో."

నన్ను ఓదార్చి వెళ్లాడు. ఆ రాత్రి డైరీలో వర్షం గురించి రాశాను. ఎవరూ చూడని కాగితం మీద కూడా నిజం రాయలేకపోయాను. అబద్ధం చెప్పడానికి నాకు ఎదుట ఒక మనిషి కూడా అవసరం లేదన్నమాట.

తర్వాత నాకు మెచ్చుకోళ్లు దక్కాయి. పాపం ఒక్కర్తే కష్టపడి నెట్‌వర్క్ నిలబెట్టింది అన్నారు. జీతమూ పెంచారు. వద్దనలేదు.

మొన్న చలికాలంలో అరసవల్లిలో ఒక లాడ్జి ముందు ఆయన కనిపించాడు. అక్కడ మోటారు, జెనరేటర్ చూస్తున్నాడట. నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. "మా కాలేజీ పాప, సానా సదువుకున్నాది" అని పక్కనున్నవాడికి చెప్పాడు. తన ఉద్యోగం ఎలా పోయిందో కూడా తనే నవ్వుతూ చెప్పాడు. బువ్వ కాడ కూర్చుంటే పెట్టెలన్నీ సచ్చిపోయాయంటూ, ఎన్నోసార్లు చెప్పి అలవాటైన కథలా చెప్పాడు. ఇప్పుడు జెనరేటర్ పక్కనే నిలబడి తింటాడట. కూర్చుంటే భయమట.

నా అబద్ధాన్ని ఆయన తన కథ చేసుకుని బతుకుతున్నాడు. ఆయన తెప్పించిన టీ తాగాను. కప్పు ఖాళీ అయ్యేంతసేపు నాకు వ్యవధి ఉంది. చెప్పలేదు. ఎందుకు? సిగ్గరిని కదా అని సర్దిచెప్పుకోబోయాను. సిగ్గరులు నిజం చెప్పడానికే సిగ్గుపడతారా? అబద్ధం చెప్పిన రోజు ఆ సిగ్గు ఏమైంది?

రేపు ఆ లాడ్జికి వెళ్లి చెబుతానని మీకు మాటివ్వను. నా మాట విలువెంతో ఇప్పటిదాకా చదివారుగా. నన్ను క్షమించమని కూడా అడగను. క్షమించే హక్కు మీది కాదు. ఆయనకైతే, క్షమించాల్సింది ఒకటుందనే తెలియదు.

కానీ ఒక్కసారైనా ఇది ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. యూపీఎస్ ట్రిప్ కాలేదు. ఏదీ అరవలేదు. అప్పన్న చెవులు బాగానే ఉన్నాయి. స్విచ్ ఆపింది నేను.

రాసేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి గుండె అడుగుదాకా వెళ్లింది. ఆయన ఇంకా నిలబడే తింటున్నాడు, నాకు హాయిగా ఉంది. ఆ హాయి కూడా నాకు అసహ్యంగానే ఉంది.