లైటు ఆర్పుకొని వచ్చిన కారు

బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు పోలీసు కారు ఆగింది. దాని ఎర్ర, నీలం లైట్లు మా హాలు గోడ మీద తిరుగుతున్నాయి. లైటు ఆర్పడానికి నా చెయ్యి తనంతట తనే స్విచ్చు మీదికి పోయింది.

చిన్నప్పుడు కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ బయట అమ్మ బజ్జీల బండి పెట్టేది. దూరంగా పోలీసు కారు వెలుగు కనబడగానే బల్బు ఆర్పేసి, బండిని సందులోకి తోసేది. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడతాం కదా, ఇదీ అలాంటి మర్యాదే అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఆ కారే లైట్లు లేకుండా మెల్లగా వచ్చింది. లైటు లేదు కనుక మర్యాద అక్కర్లేదని నేను నిశ్చింతగా కూర్చున్నాను. దిగిన పోలీసు బండిని ఒక్క తన్ను తన్నాడు. పిండిగిన్నె, బాణలి మురుగు మోరీలో పడ్డాయి.

“లైటేసుకోని వస్తే పొమ్మని చెప్పేదానికి పాపా. ఆర్పుకోని వస్తే కొట్టేదానికి,” అంది అమ్మ, గిన్నె తీసుకుంటూ.

కిటికీలోంచి చూశాను. గేటు పక్కన పానీపూరీ అమ్మే ఆవిడ బల్బు ఆర్పేసి, బండి తోసుకుంటూ పోతోంది. పోలీసులకు ఫోన్ చేసింది మా అపార్ట్‌మెంట్ వాళ్ళే.

“పోలీసులు ఎందుకొచ్చారమ్మా?” అంది మా అమ్మాయి.

“మనకోసం,” అన్నాను.