మా మామ ఒకే ఒక్కసారి కొట్టిన గంట

నేను బెల్లంపల్లికి కోడలిగా వచ్చేనాటికి మా గుడికి, అంటే మా చర్చికి, గంట లేదు. పాత ఎడ్లబండి చక్రం నుంచి ఊడదీసిన ఇనుప కమ్మిని వేపకొమ్మకు వేలాడదీసి, ఆదివారం పొద్దున సుత్తెతో కొట్టేవారు. అది మోగేది కాదు, దగ్గేది. దాన్ని విని వచ్చేవాళ్లకన్నా, వినకుండానే ఆదివారమని తెలిసి వచ్చేవాళ్లు ఎక్కువ.

మా పుట్టిల్లు ధర్మపురి వైపు పల్లె. నేను బడికి పోలేదు. మా అవ్వే పొయ్యిలోని బొగ్గుముక్కతో నేలమీద అక్షరాలు దిద్దించింది. ఆ అక్షరాలతోనే దేవుని వాక్యం చదువుకున్నాను, వాటితోనే ఇది రాస్తున్నాను. బొగ్గుతో చదువు నేర్చినదాన్ని దేవుడు బొగ్గు ఊరికే కోడలిని చేశాడు. ఆయన పనుల్లో ఇట్లాంటి చిన్న చిన్న నవ్వులుంటాయి. వాటికి కూడా స్తోత్రం చెప్పుకోవడం నాకు అలవాటు.

మా ఊళ్లో బొగ్గుగనిని బాయి అంటారు. మా మామ బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మేస్త్రీగా ఏళ్లు చేసి, మోకాలు దెబ్బతిన్నాక పైన కట్టెల యార్డులోకి మారాడు. మా చిన్న సంఘానికి ఆయనే పెద్ద. గుడి ఊడ్చేది ఆయన, దీపాలు తుడిచేది ఆయన, ఎవరింట్లో జ్వరమున్నా ముందుగా వెళ్లి ప్రార్థన చేసేది ఆయన. అంత మంచి మనిషికి ఒక కోరిక పుట్టింది. మంచివాళ్లకు పుట్టే కోరికలతోనే వచ్చింది చిక్కు. వాటికి దేవుని పేరు పెట్టుకునే వీలుంటుంది.

మా జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలో మా అయ్యగారు ఒక కబురు తెచ్చారు. ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కరే పాదిరి. ఉన్న ఆస్తి ఒక సైకిలు, కాస్త ఆయాసం. బిషప్‌గారు మా సంఘాన్ని చూడటానికి వస్తున్నారనీ, రైలు దారిలో ఉన్న పక్క ఊరి సంఘం, మాది, ఈ రెంటిలో ఒకదాన్ని పల్లెలన్నిటికీ కేంద్రం చేస్తారనీ, అక్కడి పెద్దనే అన్ని సంఘాలకూ పెద్దగా నిలబెడతారనీ చెప్పారు.

ఆనాటి నుంచి మా మామకు అన్నం సయించలేదు.

"పక్క ఊరోళ్లకు ఇత్తడి గంటున్నది. మనకేమున్నది?" అన్నాడు ఒక మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని.

"మనకు నువ్వున్నవ్ గదా. గంటకన్నా ఎక్కువనే మోగుతవ్," అంది అత్త.

"నీకు మజాక్ ఉన్నది. ఇది దేవుని పనే."

"దేవుడు చెప్పిండా నీకు, గంట లేకుంటే నాకు నిద్రపడ్తలేదని?"

మామ కంచం పక్కకు నెట్టి లేచాడు. మర్నాడే యార్డులో పక్కన పడేసిన రైలుపట్టా ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. దాని వెనకే పనికిరాని దుంగలు వచ్చాయి. బాయి లోపల కప్పు మోసిన చేతులకు పైన గోపురం కట్టడం ఎంత పని? నాలుగు దుంగలు నిలబెట్టి, అడ్డం దుంగలు బిగించి, నిచ్చెన కట్టి, గుడికన్నా ఎత్తున మంచె లేపాడు. రోజుకు కాస్త పెరుగుతూ పోయింది. ఎందుకంత ఎత్తని అయ్యగారు అడిగితే, "రైలు దిగంగనే బిషప్ దొరకు కనవడాలె అయ్యగారూ," అన్నాడు. పూర్వం ఆకాశాన్ని అంటే గోపురం కట్టబోయినవాళ్ల సంగతి అయ్యగారు మెల్లగా ఎత్తారు. "వాళ్లు ఇటుకలతోటి కట్టిన్రు. మనది కట్టె," అన్నాడు మామ. అయ్యగారికి ఆయాసం వచ్చి ఊరుకున్నారు.

తర్వాత నల్ల కోటు కుట్టించుకున్నాడు. అది తొడుక్కుని ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు.

"ఏం చేస్తున్నవయ్యా?" అని అత్త అడిగింది.

"పెద్దరికంల కూసునుడు వేరే ఉంటది."

"యాబై ఏండ్లు కూసున్నవ్. గిప్పుడు నేర్సుకోవాల్నా?"

పట్టా ముక్కను మంచె మీద వేలాడదీసి, దానికి గోనెసంచి తొడిగి తాడుతో కట్టేశాడు. ఎవరూ తాకకూడదు. మా ఆయన బాయిలో బొగ్గు తవ్వేవాడు, నెమ్మదైన మనిషి. "బాపూ, ఆదివారం ఒక్కసారి కొట్టి చూస్తె ఏం పాయె?" అన్నాడు.

"మొదటి దెబ్బ బిషప్ దొర చెవుల పడాలె. ఎంగిలి గంట వినిపిస్తనా ఆయనకు?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాయికి కూత ఉండేది. పని పాళీ మారినప్పుడల్లా అది కూసేది, ఊరంతా దాని ప్రకారమే లేచేది, తినేది, పడుకునేది. కూత కాకుండా బాయి మూతి దగ్గర ఒక రైలుపట్టా ముక్క వేలాడేది. దాన్ని ఉత్తపుణ్యానికి ఎవరూ ముట్టరు. లోపల జరగరానిది జరిగినప్పుడే దాన్ని ఆగకుండా కొడతారు. నేను కాపురానికి వచ్చాక ఒకసారి విన్నాను. ఆ రోజు గురించి ఇక్కడ రాయను.

ఇప్పుడు రాస్తుంటే ఇంత తేటగా కనబడుతున్నది కదా! ఆనాడు మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మంచె ఎత్తు చూశాం, కోటు చూశాం, గోనెసంచి చూశాం. ఆ సంచిలో ఉన్న మోత ఏ మోతో ఆలోచించలేదు. ఆదివారం ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఊరు ఒకసారి ఉలిక్కిపడి, తిట్టి, అలవాటు పడి ఉండేది.

బిషప్‌గారు ఆదివారం వేరే ఊళ్లో ఉండాలట, అందుకని బుధవారం వచ్చారు. బాయికి పనిదినం. మా ఆయన మొదటి పాళీలో లోపలికి దిగాడు. రాత్రి పాళీ చేసి వచ్చిన మగవాళ్లు లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరసల్లో, తలుపులు వేసుకుని నిద్రపోతున్నారు. స్టేషనుకు ఎడ్లబండి పోయింది. అయ్యగారు గుడిలో చాపలు సర్దుతున్నారు. అత్తా నేనూ ఇంట్లో బిషప్‌గారి కోసం కోడికూర వండుతున్నాం. రైలు కూయగానే మామ గంట కొట్టాలి, అది విని సంఘమంతా గుడికి చేరాలి. ఇదీ ఏర్పాటు.

రైలు కూసింది. మామ గోనెసంచి లాగేశాడు. కొట్టాడు.

నాకు తెలుసు, అది మా మామ గంటేనని. అత్తకూ తెలుసు. పొద్దుటి నుంచి దాని కోసమే ఎదురుచూస్తున్నాం. అయినా నాలుగో దెబ్బకు నేను వీధిలో ఉన్నాను, నా ముందు అత్త చేతిలో గరిటెతో పరుగెత్తుతున్నది. తర్వాత ఎన్నోసార్లు అడిగాను, "తెలిసి తెలిసి ఎందుకురికినవ్ అత్తా?" అని. "నాకు తెలుసు పిల్లా. కాళ్లకు తెల్వదు గదా," అనేది.

లైన్లన్నిటిలోంచీ తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు తల సగం దువ్వుకున్నవాళ్లు, పిండి చేతులవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, బాయి వైపు ఒకటే ఉరుకుడు. నిద్రలోంచి లేచిన మగవాళ్లు లుంగీలు చేత్తో పట్టుకుని వెనక. ఎవరూ ఏడవడం లేదు. ఆ పరుగులో ఏడుపుకు తీరిక ఉండదు.

మంచె మీద నుంచి మా మామకు ఇదంతా కనబడింది. ఆ తర్వాతి సంగతి ఆయనే ఎన్నో ఏళ్లకు నవ్వుతూ చెప్పుకున్నాడు. ఊరు ఊరంతా ఇళ్లలోంచి బయటపడి పరుగెత్తి వస్తుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయట. క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు, అందరూ! "స్తోత్రం! స్తోత్రం!" అని అరుస్తూ ఇంకా గట్టిగా కొట్టాడట. ఆయన గట్టిగా కొట్టిన కొద్దీ వాళ్లు ఇంకా వడిగా ఉరికారు. గుడి గేటు దాకా వచ్చారు. గేటు దాటి వెళ్లిపోయారు. "గుడి ఇటున్నది! ఇటు రాండ్రి!" అని మామ పైనుంచి చెయ్యి ఊపాడట. చివరికి గుడిలోంచి అయ్యగారు కూడా బయటికి వచ్చి, పంచె ఎగ్గట్టి, ఆయాసం మరిచి, అందరితో పాటు బాయి వైపు పరుగెత్తడం చూసి మామకు మొదటిసారి అనుమానం వచ్చిందట. అయినా చెయ్యి ఆగలేదట.

బాయి మూతి దగ్గర మనుషుల్ని దించే ఇనుప బోను కాడ ఉండే మనిషి మమ్మల్ని చూసి బిత్తరపోయాడు.

"ఏమైంది? ఎవ్వల్కి ఏమైంది?" అని ఆడవాళ్లు మీద పడ్డారు.

"నాకేం తెలుసు? మీరే చెప్పాలె, ఏమైందో!"

"దాస్తున్నవారా? గంట కొట్టింది నువ్వు గాదా?"

"నేను ముట్టలే తల్లీ! అగో చూడు!"

చూశాం. బాయి పట్టా ముక్క కదలకుండా వేలాడుతున్నది. మోత మాత్రం వస్తూనే ఉన్నది.

అయినా జనం నమ్మలేదు. మా మనుషుల్ని పైకి తెమ్మని పట్టుబట్టారు. ఆ మనిషి చేసేది లేక లోపలికి కబురు పంపాడు. మొదటి బోనులోనే మా ఆయన వచ్చాడు. ముఖమంతా నలుపు, కళ్లు తెలుపు. లోపలివాళ్లకు చేరిన కబురు, పైన ఊరంతా ఏడుస్తున్నదని. వాళ్లు ఊరే తగలబడిందనుకున్నారు.

"ఇల్లున్నదా?" అన్నాడు నన్ను చూసి.

"ఉన్నది."

"బాపు?"

చెయ్యెత్తి మోత వినిపిస్తున్న వైపు చూపించాను. ఆయన ఒక్క క్షణం విని, నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ నల్ల ముఖంలో ఆ పళ్లు చూసినందుకు నేను చెప్పుకున్న స్తోత్రం ఇంకా పూర్తి కాలేదు.

తెలిసిపోయాక జనం ఇంటికి పోలేదు. తిరిగి అందరూ గుడి వైపు కదిలారు. వెళ్లేటప్పుడు భయం, వచ్చేటప్పుడు కోపం. అందరికన్నా ముందు చాచీ. పక్క లైనులో ఉండే ముస్లిం ముసలావిడ, ఊరికంతటికీ ఆమె చాచీనే. ఆమె కొడుకులిద్దరూ కూడా ఆ పొద్దున లోపలికి దిగినవాళ్లే. ఆమె వెనక గరిటెతో మా అత్త.

మేము గేటు దగ్గరికి చేరేసరికి బిషప్‌గారి ఎడ్లబండి కూడా చేరింది. ఆయన దిగి, రోడ్డు నిండా వస్తున్న జనాన్ని చూసి నిలబడిపోయారు. మామ మంచె దిగుతున్నాడు. కోటు చెయ్యి మేకుకు తగులుకుని చిరిగింది. కిందికి వచ్చి బిషప్‌గారికి దండం పెట్టాడు.

"ఎంత జనం! ఇంత పెద్ద సంఘమా మీది?" అన్నారు బిషప్‌గారు.

జనం ఆగింది. అయ్యగారు రొప్పుతూ నేల చూశారు. చాచీ నోరు తెరవబోయి బిషప్‌గారి తెల్లగడ్డం చూసి ఆగింది. మామ ఒక్క "అవునండి" అంటే చాలు. ఇన్నాళ్ల కోరిక, మంచె, కోటు, కుర్చీలో కూర్చునే పెద్దరికం, అన్నీ ఆ ఒక్క మాట అవతల ఉన్నాయి. పెదవులు కదిలాయి కూడా. ఆయన చూపు జనం మీదుగా పోయి, నల్ల ముఖాలతో నిలబడ్డ మగవాళ్ల మీద, వాళ్ల చేతులు వదలకుండా పట్టుకున్న ఆడవాళ్ల మీద నిలిచింది. ఏ మోత కొట్టాడో అప్పుడు అర్థమైంది ఆయనకు. దుంగల మేస్త్రీగా ఆ మోత ఆయన ఎన్నిసార్లు విన్నాడో!

"కాదు దొరా," అన్నాడు. "మా సంఘం పిడికెడు. వీళ్లు గుడికి రాలే. నన్ను తిట్టనీకి వచ్చిన్రు."

బిషప్‌గారికి ఏమీ అర్థం కాలేదు. మామే చెప్పాడు, అందరి ముందూ, ఏదీ దాచకుండా. చెప్పి, జనం వైపు తిరిగి, చిరిగిన కోటుతోనే చేతులు జోడించాడు. "తప్పైంది. నా కొడుకు గూడ లోపల్నే ఉండె. నా పేరు మోగాలని మీ గుండెలు మోగించిన."

చాచీకి తిట్లు సిద్ధంగా ఉన్నాయి, దారంతా కూర్చుకుంటూ వచ్చింది. కానీ తిట్టబోయిన మనిషి ముందే ఒప్పుకుంటే ఏం చేయాలి? "జాన్ తీసినవ్ గదా భాయ్!" అని, అక్కడే గుడి మెట్టు మీద కూర్చుండిపోయింది. "జర నీళ్లియ్యండ్రి." ఆమె కూర్చోగానే కాళ్లు నొప్పెట్టిన వాళ్లందరూ కూర్చున్నారు. గుడి ముందు ఖాళీ లేకుండా పోయింది.

బిషప్‌గారు తాను తెచ్చుకున్న ప్రసంగం చెప్పలేదు. దిగినవాళ్లందరూ తిరిగి పైకి వచ్చినందుకు నిలబడి ఒక చిన్న ప్రార్థన చేశారు. ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకున్నారో ఏమో, అందరూ తలలు వంచారు. మా గుడి ముందు అంతమంది తలలు వంచడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

కేంద్రం పక్క ఊరికే పోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అత్త మూత తీస్తే కోడికూర అడుగంటి నల్లగా ఉంది. "మా ఊళ్లె అన్నీ బొగ్గే దొరా," అంది. బిషప్‌గారు నవ్వి, రెండోసారి వేయించుకున్నారు. ఎప్పుడూ అతిథుల పక్కన పీట వేసుకుని కూర్చునే మామ, ఆ రోజు గడప దగ్గర, చెప్పులు విడిచేచోట కూర్చున్నాడు. అక్కడెందుకు, ముందుకు రమ్మని అయ్యగారు పిలిచారు.

"ఉండనియ్యండ్రి," అంది అత్త. "గీడ కూసునుడు గూడ నేర్సుకోవాలె గదా."

మంచె దుంగలు విప్పి గుడికి బల్లలు చేశాడు మామ. పట్టా ముక్కను యార్డుకు తిరిగి ఇచ్చేశాడు. నల్ల కోటు చలికాలం అయ్యగారి ఆయాసానికి పనికొచ్చింది. వేపకొమ్మ మీద పాత బండి కమ్మి మళ్లీ ఎక్కింది. మామ పోయేదాకా ప్రతి ఆదివారం దాన్ని కొట్టింది ఆయనే.

మంచి మోత కాదు. రెండిళ్ల అవతలికి వినపడదు. ఆదివారం పొద్దున అది దగ్గుతుంటే, లైన్లలో రాత్రి పాళీ చేసినవాళ్లు అటు తిరిగి పడుకునేవారు, చాచీ తన గడపలో కూర్చుని తాపీగా చాయ్ తాగేది. నేను చెంగు సర్దుకుని, నడిచి గుడికి పోయేదాన్ని.