మంచుబండి అంగీలాగు

మా అమ్మ తన చివరి ఆరు చలికాలాలు ముక్కూ మొహం తెలియని ఒక తెల్లదొర బట్టల్లో గడిపింది. మాది జనగామలో కిరాణా దుకాణం. స్నానం చేయనిదే పొయ్యి దగ్గరికి పోనివ్వని ఇల్లు. అలాంటి ఇంట్లో ఇది జరిగిందంటే తప్పు నాదే.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడుస్తూ కాలేజీలు మూతపడితే నేను వచ్చి దుకాణంలో కూచున్నాను. కాలేజీలు మళ్లీ తెరుచుకున్నాయి గానీ నేను లేవలేదు. ఆ ఏడాది చలికాలంలోనే అమ్మకు ఉబ్బసం పట్టుకుంది. మిరపకాయల ఘాటుకు వచ్చిందని డాక్టరు, నా చదువు ఆగిన దిగులుకు వచ్చిందని అమ్మ. బాపు, అంటే మా నాన్న, ఇద్దరి మాటా కాదనలేదు. ఏటేటా అది ముదిరి, పదేళ్లు తిరిగేసరికి ఒక్క చలికాలంలోనే ఆమెను మూడుసార్లు రిక్షాలో దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది. మూడోసారి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"ఛాతీకి చలి తగలనియ్యకు. ఇంకోసారి గిట్లయితే నా చేతుల ఉండదు," అన్నాడు.

ఆయనకేం, చెప్పి వెళ్లిపోయాడు. గొంగడి కప్పితే అమ్మ భుజం మీద నిలవదు. స్వెటరు కొంటే దురద. మంచంలో పడుకోమంటే కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గు పెడుతుంది. నేను ఊడుస్తానంటే, "నువ్వు ఊడిస్తె మళ్ల నేను ఊడ్వాలె," అనేది. అందులో అబద్ధం లేదు.

మరుసటి కార్తీకంలో మిరపకాయల బేరానికి మానుకోట పోయాను. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటాం. ఆ రోజు అంగడి, అంటే వారపు సంత. ఒకతను విదేశాల నుంచి బేళ్లలో వచ్చిన పాత బట్టలు గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్ముతున్నాడు. కుప్ప మీద ఎవరో వెల్లకిలా పడుకున్నట్టు కనబడితే ఆగాను. మనిషి కాదు, అంగీ లాగూ కలిపి కుట్టిన ఒకే బట్ట.

"ఫారినుదన్నా. దీంట్లకు చలి రావాల్నంటే దర్ఖాస్తు పెట్టుకోవాలె," అన్నాడు అమ్మేవాడు.

దాన్ని ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను. పైన ముదురు నీలం నైలాను. లోపల ఎర్రటి మెత్త, బొంతకు వేసినట్టు గళ్లు గళ్లుగా కుట్టు. మెడ నుంచి పొత్తికడుపు దాకా ఇత్తడి జిప్పు, మడమ నుంచి మోకాలి దాకా కాలికొక జిప్పు. చేతుల చివర, లోపలివైపు, మణికట్టును పట్టుకునే ఊలు అల్లిక. పాదాల కింద తగిలించుకోవడానికి సాగే పట్టీలు. నడుముకు బెల్టు, కాలరుకు నల్ల బొచ్చు, భుజాల నుంచి కిందికి పచ్చ చార. రొమ్ము మీద ఒక గుడ్డబిళ్ల, దాని మీద ముందు చక్రం బదులు రెండు చెక్కలున్న మోటరుసైకిల్ బొమ్మ. బొమ్మ వేసినవాడు చక్రాలు మరిచిపోయాడనుకున్నాను.

ఇక దాని బాగోగులు. కుడి మోకాలు చినిగితే ఎవరో నల్లదారంతో మొరటుగా కుట్టారు. కుడిచేతి అంచున సిగరెట్ కాలిన చిల్లు. జిప్పు కొక్కెం పోయి, దాని చోట బూటు లేసు ముక్క కట్టి ఉంది. కూచునే చోట నైలాను నున్నబడింది. కొంచెం పెట్రోలు వాసన. మొత్తం మీద ఆ రోజుల్లో నాకంటే మంచి స్థితిలోనే ఉంది.

మా దగ్గర పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోరు, చాకలికి ఇచ్చేస్తారు. అంగట్లో దొరికే విదేశీ బట్టలన్నీ చచ్చిన దొరలవేనని ఊరంతా నమ్మేది. నేనూ నమ్మేవాణ్ణి. అందుకే ఇంటికి రాగానే అబద్ధమాడాను.

"కొత్తదేనారా?" అంది అమ్మ.

"కొత్తదే. ఫారినుది."

"మోకాలు కాడ కుట్టేంది?"

"అది డిజైన్."

కొత్త బట్టకు ఒక మూలన పసుపు పెట్టనిదే మా ఇంట్లో తొడగరు. అమ్మ పసుపు వేలితో దాన్ని అటూ ఇటూ తిప్పింది. చీరకు మూలలుంటాయి, ధోవతికి ఉంటాయి, దీనికి లేవు. చివరికి కాలరు లోపలి చీటీ మీద పెట్టింది. ఆ చీటీని తరువాత ఒక ఇంగ్లీషు మాస్టరు చదివి, ఇది చలిదేశాల్లో మంచు మీద బండి తోలేవాళ్లు తొడిగేదని చెప్పాడు.

"ఆడ రోడ్లు లేవా పాపం?" అంది అమ్మ.

కొలతల విషయానికొస్తే అది ఆరడుగుల మనిషిది. అమ్మ ఐదడుగులు కూడా లేదు. తొడిగితే బెల్టు తొడల మీదికి వచ్చింది, చేతులు మోకాళ్లు దాటాయి. దర్జీని పిలిస్తే దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గిసొంటి బట్ట మీద కత్తెర పెట్టలేనమ్మా, మడిచి కుడత," అన్నాడు. రెండు సూదులు విరగ్గొట్టుకుని కాళ్లు జానెడున్నర లోపలికి మడిచి కుట్టాడు. చేతులు పైకి తోసుకుంటే ఊలు అల్లిక పట్టి నిలిపేది. లాగు తొడిగినట్టు నలుగురికీ కనబడకూడదు గనక అమ్మ దాని మీదుగా చీర కట్టింది. తెల్లవారుజామున వాకిట్లో చీర కట్టిన బియ్యం బస్తా ముగ్గు పెడుతున్నట్టుండేది.

"గింత లావైతివేందక్కా?" అని పక్కింటామె అడిగితే, "కొడుకు మంచిగ సూసుకుంటుండు," అంది.

ఒకటే చిక్కు, దొడ్డికి పోవాలంటే చీర విప్పి, బెల్టు విప్పి, జిప్పు లాగి నానా యాతన. అమ్మ పొద్దున పూట నీళ్లు తాగడం మానేసింది. ఆ చలికాలం మేం రిక్షాను పిలవలేదు. ఒక్కసారి కూడా.

వానలు తగ్గాక బట్టలు ఎండకు వేస్తూ అమ్మ దాన్ని లోపలివైపు తిప్పింది. ఎడమ రొమ్ము దగ్గర, మా ఎవరి కంటా పడని ఒక చిన్న జేబు. అందులో ఒక చాక్లెట్ కాగితం, ఒక దువ్వెన. దువ్వెన పళ్లలో నాలుగు తెల్ల వెంట్రుకలు.

నేను మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆ దువ్వెన నా పీట పక్కన ఉంది.

"గిది గూడ డిజైనేనా?" అంది.

నేను పళ్లెం ముందుకు లాక్కున్నాను.

"సచ్చినోని బట్ట కన్నతల్లికి తొడిగిపిచ్చినవ్. పైకెంచి నాతోనే పసుపు పెట్టిపిచ్చినవ్."

దాన్ని తీసుకుపోయి పెరటి తీగ మీద వేసింది. వాన జల్లు పడితే నేను లోపలికి తెచ్చాను. ఆమె మళ్లీ బయట వేసింది. నాలుగైదు రోజులు ఇదే పని, మాటల్లేవు. చలికి ఇంకా రెండు నెలలు కూడా లేవు. కళ్లు మూస్తే రిక్షా, దానిలో ఎగశ్వాసతో అమ్మ. నాకు భయమేసింది. అమ్మ పోతుందని, దానికి కారణం నా అబద్ధమే అవుతుందని.

"అమ్మా, ఆయన బతికే ఉండొచ్చు. కొత్తది కొనుక్కుని పాతది పారేసిండేమో," అన్నాను చివరికి.

"బతికున్నోడు గిసొంటి దాన్ని ఇడుస్తడా?"

నేనైతే ఇడవను.

ఇంతలో పెత్రమాస వచ్చింది. ఆ అమావాస్య నాడు, పోయిన పెద్దల పేరు మీద పురోహితుడికి, అంటే మా అయ్యగారికి, బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. ఏటా మా ఇంట్లో నాలుగు పళ్లేలు. ఆ ఏడు అమ్మ ఐదు పెట్టింది. బాపు లెక్క తప్పిందనుకుని ఒకటి తీయబోతే చెయ్యి పట్టుకుంది. నాలుగు పేర్లూ అయ్యాక అయ్యగారు ఐదో పళ్లెం చూశాడు.

"ఇది ఎవరి పేరు మీదమ్మా?"

"పేరు తెల్వదు."

"గోత్రం?"

"అది గూడ తెల్వదు."

"మరి ఎవరని చెప్పను?"

అమ్మ కొంగు సర్దుకుని చెప్పింది. "ఆరడుగుల మనిషి. తల నెరిసింది. మంచుల బండి తోలుతడు. కుడి మోకాలు మీద పడ్డడు, మళ్ల లేసిండు. కుడిచేత్తోని సిగరెట్ తాగుతడు, దాని వాసన పోనీకి చాక్లెట్ బుక్కుతడు. పెండ్లం ముందే పోయినట్టుంది, చింపు తనే కుట్టుకున్నడు. ఆ కుట్టు ఆడోళ్లది గాదు."

దాన్ని అంగట్లో చూసి కొని తెచ్చినవాణ్ణి నేను. ఏడాదిపాటు ఆ మనిషిని చూసింది మాత్రం ఆమే.

బాపు మెల్లగా గొణిగాడు. "బతికున్నోనికి బియ్యమిస్తె కీడు గద?"

"బతికుంటె ఇంకింత బతుకుతడు," అంది అమ్మ.

గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పొచ్చన్నాడు అయ్యగారు. పేరు దగ్గరికి వచ్చినప్పుడు చిన్నగా దగ్గి ముందుకు పోయాడు. ఆ సాయంత్రం అమ్మ తీగ మీది బట్ట తీసి, దులిపి, మడతపెట్టి పెట్టెలో పెట్టింది. దీపావళి పోగానే తొడిగింది. దగ్గుకు నమిలే లవంగాలు ఆ లోపలి జేబులోనే పోసుకునేది. కుడి మోకాలి కుట్టు విప్పి తన చేత్తో సన్నగా మళ్లీ కుట్టింది. ఏటా పెత్రమాసకు ఐదు పళ్లేలు, అయ్యగారి దగ్గు.

అమ్మ నడి ఎండాకాలంలో పోయింది, గుండె ఆగి. చలి ఆమెను ఏమీ చేయలేకపోయింది. పదో రోజున ఆమె బట్టలన్నీ చాకలి అవ్వకు ఇస్తుంటే దీన్ని మాత్రం దాచుకోవాలనిపించింది. "ఉంచుకోవద్దు," అన్నాడు బాపు. ఇచ్చేశాను. ఆ తరువాత దాని కోసం చాలాసార్లు ఏడ్చాను. అవ్వ దాన్ని పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమెకు వేసి స్టీలు టిఫిన్ తెచ్చుకుంది. దాచకుండా చెప్పింది, టిఫిన్ చూపించింది కూడా.

ఆ చలికాలం అక్కను చూడ్డానికి భూపాలపల్లి పోయాను. అక్కడ బస్సు దిగేసరికి తెల్లారుతోంది. మంచు కమ్ముకుని ఉంది. బస్టాండు ముందు చాయ్ కాస్తున్న పొడుగు మనిషి ఒంటి మీద పచ్చ చార కనబడింది. కాళ్ల మడత విప్పేశాడు. పిక్కల దగ్గర దర్జీ కుట్టిన గీత మాత్రం పోలేదు. వంగి చాయ్ పోస్తున్నప్పుడు కాలరు లోపల పసుపు మరక కనబడింది. నేను పోయి బల్ల మీద కూచున్నాను.

"అంగీలాగు మంచిగుంది," అన్నాను.

"మస్తెచ్చగుంటదన్నా. ఎవలో పొట్టామెది. కాళ్లు గింత మడిచి కుట్టిండ్రు. లవంగాలు నమిలే మనిషి, జేబుల వాసన ఇంకా పోలే. గీ మోకాలు సూడు, ఎంత సన్నగ కుట్టిందో. మంచి పనిమంతురాలు." అతను చాయ్ గ్లాసు నా చేతికిచ్చి గొంతు తగ్గించాడు. "పోయినామెదే అయ్యుంటదన్నా. పొద్దుగాల తొడిగేటప్పుడు జర బుగులైతది. పెత్రమాసకు ఇన్ని బియ్యమిద్దమంటె పేరు తెల్వకపాయె."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. మా అమ్మ పేరు చెప్పాను. అతను అడగకపోయినా గోత్రం కూడా చెప్పాను.