అడిగితే వెతికిపెట్టే సులోచన మేడం

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు... మా బాపు ఉన్నట్టుండి వరండాలో వేరుగా మంచం వేసుకున్నాడు. కంచం, గిలాస కూడా వేరు పెట్టుకున్నాడు. నేను ఒళ్లోకి ఎక్కబోతే "పో బిడ్డా, చదువుకోపో" అని పక్కకు జరిగేవాడు.

నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్లం... అవ్వకూ అర్థం కాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఊరికే కళ్లు తుడుచుకునేది.

మావి చెన్నూరుకు గంట దూరంలో బొగ్గుబావి క్వార్టర్లు. బాపు బావిలోకి దిగి పనిచేసేవాడు. కాలనీలో ఒక లైబ్రరీ ఉండేది... తాళాలు వేసిన అల్మారాలు, మగవాళ్లు పేపర్లు చదివే బెంచీలు, అంతే.

కొత్త లైబ్రేరియన్‌గా సులోచన మేడం వచ్చి ఆ తాళాలు తీయించింది. గుమ్మం పక్కనే బల్ల వేసుకుని, అట్టముక్క మీద "ఏదైనా అడగండి, వెతుకుదాం" అని రాసిపెట్టింది. అలాంటి బల్లను మా వైపు ఎవరూ చూడలేదు. మొదట నవ్వారు... తర్వాత వరుస కట్టారు. పత్తికి పట్టిన పురుగేంటి, దుబాయ్ నుంచి వచ్చిన కాగితంలో ఏముంది... దేనికైనా పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించేది. చదువు రానివాళ్లకు చదివి వినిపించేది. దొరక్కపోతే ఆదివారం తనే బస్సెక్కి కరీంనగర్ పోయి వెతుక్కొచ్చేది.

ఒకరోజు బడి అయ్యాక అక్కడికి పోతే... బల్ల ముందు మా అవ్వ! కొంగుముడి విప్పి మందు గోలీల పట్టీ తీసింది.

"గివి మా ఆయన అంగి జేబుల దొరికినయ్ మేడం. దేనికేసుకుంటరో జర చూడుండ్రి."

మేడం నన్ను చూసింది. "పేపర్లు సదురుపో బిడ్డా" అని లోపలికి పంపింది. దూరం నుంచే చూశాను... లావుపాటి మందుల పుస్తకం తెరిచి మెల్లగా చదువుతోంది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అవ్వ వెళ్లాక అడిగాను, "మా అవ్వ ఏమడిగింది మేడం?" అని.

"అది మీ అవ్వ అడిగిన మాట. నీకు చెప్ప. రేపు నువ్వేమన్న అడిగితే మీ అవ్వకు గూడ చెప్ప."

నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి పోయేసరికి అవ్వ బాపును నిలదీస్తోంది. టీబీ... బావి పని తీసేస్తారని భయపడి చాటుగా మందులు తెచ్చుకున్నాడట. "నెల కిందనే మేడంను అడిగిన. బిడ్డకు అంటుకుంటదా అని. పుస్తకంల చూసి చెప్పింది. గందుకే దూరం ఉన్న" అన్నాడు బాపు తల వంచుకుని.

అవ్వ అప్పటికప్పుడే లైబ్రరీకి ఉరికింది, వెనకాలే నేను.

"అన్ని ఎరుకుండి నా ముంగట గట్లెట్ల కూసున్నవమ్మా? నేనెంత పరేషానైతున్ననో కనవడలేదా?"

మేడం లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు.

"కనవడ్డది అక్కా. ఇంట్ల చెప్పుమని ఆయనకు మస్తుసార్లు చెప్పిన... వినలే. ఆయన మాట నీకు చెప్తే, రేపు నీ మాట ఇంకొకలకు చెప్పనని ఎట్ల నమ్ముతవ్?"

అవ్వ నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది. ఏడాదిపాటు ఆ గడప తొక్కలేదు.

బాపు పెద్దాసుపత్రి మందులు పూర్తిగా వాడి కోలుకున్నాడు. బావి పైన పని ఇచ్చారు. మేడంకు జైనూర్ వైపు బదిలీ అయింది. అక్కడా అలాంటి బల్లే వేసిందట... రిటైరయ్యేదాకా. ఆమె మా కాలనీ నుంచి వెళ్లిపోయిన రోజు అవ్వ సకినాలు మూటగట్టుకుని బస్టాండుకు పోయింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకెవరూ చెప్పలేదు.

ఇప్పటికీ నాకు తేలదు... ఆమె చేసింది ఒప్పేనా? ఆ నెలలో బాపుకు ఏమైనా అయ్యుంటే? కానీ ఆమె నోట మాట ఆగదని తెలిస్తే, బాపు అసలు అడిగేవాడా? నేను కూడా జబ్బు పడేదాన్నేమో...

నిన్న ఫోన్‌లో దగ్గు గురించి ఏదో వెతికాను. సాయంత్రానికల్లా ఎక్కడ చూసినా దగ్గు మందుల ప్రకటనలే! అడిగిన మాట అడిగినచోటే ఆగే రోజులు ఎటు పోయాయో...

మీ ఊళ్లో అలాంటి మనిషి ఎవరైనా ఉండేవారా? ఆ బల్ల వెనక మీరే కూర్చుని ఉంటే... మా అవ్వకు చెప్పేవారా?