మా తమ్ముడు చూడని చెయ్యి

లాడ్జి మేనేజరు కుప్పుస్వామి నోరు మా తమ్ముడు సారంగపాణి మూయించిన పొద్దు నేను ఆడనే ఉండాను. వాణ్ణి కాఫీకి పిలవబోతే లాడ్జి వరండాలో ఇరవైమంది గుమిగూడి ఉండారు. ముందురోజు టీవీలో మెక్సికో ప్రపంచ కప్పు ఆట చూసినారంట. అర్జెంటీనావాడు బంతిని చేత్తో తోసి గోలు వేస్తే, రెఫరీ అది తలతో వేసిందనుకోని ఒప్పుకున్నాడంట. రెఫరీ లంచం తిన్నాడని కుప్పుస్వామి పట్టు. లేదప్పా, ఆయన కంటికి కనపడలేదు, అంతే అని మా వాడు.

మా వాడు తిరుపతి ఇస్కూల్లో డ్రిల్లు అయివారు. జిల్లాలో యాడ ఫుట్‌బాల్ జరిగినా విజిల్ ఊదేది వాడే. సంచిలోంచి బంతి తీసినాడు. కుప్పుస్వామిని మెట్లమీద నిలబెట్టి, వానికి వీపు తిప్పి, ఐదు తూర్లు ఎగిరి కొట్టినాడు. ప్రతి తూరీ తలా, చెయ్యా అని అడిగినాడు. కుప్పుస్వామి మూడు తప్పు చెప్పినాడు.

"మరి నీకెవురిచ్చినారప్పా లంచం?" అన్నాడు మా వాడు.

వరండా అంతా నవ్వింది. యాభై రెండేండ్ల మనిషి పంచె ఎగ్గట్టి ఎగురుతా ఉంటే ఇంకో అక్కయితే సిగ్గుతో చచ్చిపోయుండేది. నాకైతే గర్వమే.

ఓడినోడు ఊరికే ఉంటాడా. నీకెవురిచ్చినారో కార్వేటినగరమోళ్ళని అడుగు, వాళ్ళు చెప్తారన్నాడు కుప్పుస్వామి. మా వాని మొగం వాడిపోయింది.

అది ఏడేండ్లనాటి మాట. జిల్లా ఇస్కూళ్ళ ఫైనల్లో తిరుపతికీ, కార్వేటినగరానికీ ఆట. ఆఖర్లో మనోళ్ళు గోలు వేసినారు. చేత్తో వేసినారని కార్వేటినగరం జట్టు కెప్టెను ఏకాంబరం నేలమీద కూలబడి ఏడ్చినాడు. మా వానికి చెయ్యి కనపడలేదు, గోలు ఇచ్చేసినాడు. సొంతూరికి అమ్ముడుబోయినాడని పేరొచ్చింది. ఆ మీదట కార్వేటినగరంలో ఒక్క ఆటకీ వాణ్ణి పిలవలేదు. మా నాయన గుళ్ళో తీర్థం ఎవురి తరవాత ఎవురు తీసుకోవల్లో వరసగా పేర్లు పిలిచేవాడు. పిలిచిన పేరు వెనక్కి తీసుకోకూడదనేవాడు. విజిల్ కూడా అంతేనని వీని లెక్క. నింద మోసినాడు గానీ మాట మార్చలేదు.

ఇంటికి పోతా దోవలో నిలబడినాడు.

"అక్కా, ఆ పొద్దు పిల్లోళ్ళకి దద్దోజనం తెచ్చి గోలు కంబం పక్కనే కూసోనుంటివే. చెయ్యి తగిలిందా?"

ఏడేండ్లలో ఒక్కనాడూ అడగలేదు. నేను చదివింది రెండో తరగతే, కండ్లు మాత్రం గట్టివి. తగిలిందన్నాను. గెలిచింది మనోళ్ళని గమ్మున ఉండిపోయింది నేను. దానికి మాట పడింది వాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. దిగులూ పడలేదు. తలెత్తి నడిచినాడు. ఈ వంశంలో అంత నికార్సయిన మనిషి ఇంకొకడు పుట్టలేదు, ఎవురేమన్నా అనుకోండి.

గడప కాడ చెప్పులు విడస్తా, ఏకాంబరం కార్వేటినగరంలోనే అంగడి పెట్టుకోనుండాడంట అన్నాడు. తరవాత నన్ను అడిగినాడు.

"చూడనిదాన్ని చూసినానని నేను ఈరోజు కూడా చెప్పనక్కా. చూసిందానివి నువ్వు. ఆదివారం నాతో బస్సుకి రా. ఆ పిల్లోడు ఆ పొద్దు అబద్ధం ఆడలేదని వాని ఎదురుగా నువ్వు చెప్పల్ల. నేను పక్కన నిలబడతా."