మా తాతయ్య పెట్టిన కట్టు

నా చిన్నప్పుడు మేము నగరి పక్కన నేతపనివాళ్ళ వీధిలో ఉండేవాళ్ళం. ముప్పై ఇళ్ళుంటే ముప్పై ఇళ్ళలోనూ గుంటమగ్గాలే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని, షావుకారు కూలికిచ్చిన నూలును మగవాళ్ళు నేసేవాళ్ళు. ఆడవాళ్ళు వసారాలో రాట్నం ముందు కూర్చుని మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేవాళ్ళు. ఎవరి పని ఏదో ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. నడక వచ్చేసరికే అది కూడా తెలిసిపోయేది.

మా తాతయ్య ఆ వీధికి పెద్దమనిషి. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. అన్నదమ్ముల పంపకాలు, గోడ తగాదాలు, మొగుడూ పెళ్ళాల గొడవలు భజన మందిరం దగ్గరికి వచ్చేవి. అందరూ అరిచి అలిసిపోయాక ఆయన నాలుగు మాటలు చెప్పేవాడు. దాంతో అందరూ లేచి ఇళ్ళకు పోయేవాళ్ళు.

మా ఇంట్లో తాతయ్య, నాయన, అమ్మ, నేను కాక మా అత్త ఉండేది. నాయనకు అక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా మగ్గానికీ, ఇంకో మూడిళ్ళ మగ్గాలకూ కండెలు చుట్టి పెట్టేది. ఒకరి మీద ఆధారపడి తింటోంది అనే మాట రాకుండా చూసుకునేది ఆ రాట్నంతోనే.

నేను ఐదో తరగతిలో ఉండగా కొసింటి చిన్నాయన మా వీధికి మరమగ్గం తెచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు, వరసకు అలా పిలిచేవాళ్ళం. తమిళనాడు పక్క ఒక షెడ్డులో కొన్నేళ్ళు పనిచేసి వచ్చాడు. విడదీసిన ఇనుప భాగాలు లారీలో తెచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, రెండు మగ్గాలు బిగించాడు. అప్పటిదాకా మా వీధిలో కరెంటంటే బల్బులు, పండగలకు మైకు. ఆ రోజు మోటారు ఆన్ చేయగానే నాడె తనంతట తాను అటూ ఇటూ పరుగెత్తింది. మేము పిల్లలం చప్పట్లు కొట్టాం. పెద్దవాళ్ళు కొట్టలేదు. మా తాతయ్య మూడు రోజులు నేసేంత బట్ట అది ఒక్క పూటలో కింద పడేసింది.

ఆ రోజుల్లో మా ఊరికి నాయకులు వచ్చిపోతుండేవాళ్ళు. ఒకాయన వచ్చి చేనేతను ప్రాణమిచ్చి కాపాడుకుంటామని మాట్లాడి వెళ్ళాడు. కొన్ని నెలలకు ఇంకొకాయన వచ్చి మరమగ్గాలు పెట్టుకునేవాళ్ళకు కరెంటు త్వరగా ఇప్పిస్తామన్నాడు. మా వీధివాళ్ళు ఇద్దరికీ దండలు వేశారు. ఇద్దరూ వెళ్ళిపోయాక ఏం చేయాలో తేల్చుకోవాల్సింది మాత్రం వీధివాళ్ళే.

మందిరంలో కూడారు. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళు బయట గోడవారగా. ఈ ఒక్క షెడ్డు నడిస్తే రేపు పది వస్తాయని, గుంటమగ్గాలు మూలపడతాయని ఒకరి తరువాత ఒకరు భయం చెప్పుకున్నారు. చివరికి తాతయ్య కట్టు పెట్టాడు. కొసింటివాళ్ళతో రాకపోకలు ఉండకూడదు. వాళ్ళ ఇంట్లో మంచికీ చెడుకూ ఎవరూ పోకూడదు. ఆ షెడ్డులో ఎవరూ పని చేయకూడదు. కట్టు తప్పినవాళ్ళు కూడా అదే కట్టులోకి వస్తారు.

అందరూ లేవబోతుండగా మా అత్త గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నేసేవోళ్ళ మాట అయిపోయింది. కండెలు సుట్టేవోళ్ళ సంగతేంది నాయనా? షావుకారు నూలు తగ్గించి రెండు నెలలాయె. నాకు రెండిళ్ళ పని పోయింది. మమ్మల్ని ఎవురూ అడగలేదే?"

లోపల ఎవరో నవ్వారు. ఇంకెవరో "మొగ్గముంటే కండె ఉంటాది, ఇంటికి పోమ్మా" అన్నారు. తాతయ్య వినపడనట్టు కండువా దులుపుకుని లేచాడు.

వారం తిరక్కుండా అత్త కొసింటి షెడ్డుకు బయలుదేరింది. భర్త లేని మనిషి ఒంటరిగా పరాయివాళ్ళ షెడ్డుకు పోతే నోళ్ళు ఊరుకోవని ఆమెకు తెలుసు. అందుకని బడి లేని పూట నన్ను వెంట పెట్టుకుంది. ఎక్కడికని నేను అడగలేదు. వీధిలో అందరూ చూస్తుండగా, పక్క సందులోంచి కాకుండా నడి వీధిలో నడిచి వెళ్ళాం.

చిన్నాయనకు కట్టు వల్ల మనుషులు దొరకడం లేదు. రెండో మగ్గం ఊరకే ఉంది. అయినా అత్తను చూసి తటపటాయించాడు. ఆడవాళ్ళు మరమగ్గం నడపడం ఆయన కూడా చూడలేదట. అత్త గడపలోనే నిలబడి, పోగు ముడి వేయడం తనకంటే బాగా ఈ వీధిలో ఎవరికి వచ్చో చెప్పమంది. ఆయన పక్కకు జరిగి లోపలికి రమ్మన్నాడు.

"ముందు ఆపేది నేర్సుకోక్కా. నడిపేది దానంతట అదే వస్తాది" అన్నాడు.

ఆ పూటంతా ఆమె మగ్గం ఆపడమే నేర్చుకుంది. పోగు తెగగానే పిడి లాగి ఆపాలి, ముడి వేయాలి, మళ్ళీ వదలాలి. మొదట్లో నాడె దూసుకొచ్చినప్పుడల్లా వెనక్కు జరిగేది. సాయంత్రానికి జరగడం మానేసింది. నేను నూలు పెట్టె మీద కూర్చుని చెవులు మూసుకుని చూశాను.

ఇంటికి వచ్చాక తాతయ్య ఆమెతో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, ఆ తరువాత కూడా. ఆమె వడ్డిస్తే తినేవాడు. చెంబు పెడితే తాగేవాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. మా అమ్మ ఇద్దరి మధ్యా తిరుగుతూ కళ్ళు తుడుచుకునేది. కొళాయి దగ్గర అత్త బిందె పెడితే మిగతావాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఇంకో బల్లకు మారిపోయింది. వాళ్ళమ్మ చెప్పిందట. నాకు అత్త మీద కోపం వచ్చింది. అది దాచుకోను.

పదిహేను రోజులకు వీధిలో నలుగురు మగవాళ్ళు మా వసారాలోకి వచ్చారు. అందరూ తాతయ్యను మామా అని పిలిచేవాళ్ళే. వాళ్ళలో పెద్దాయన నేల చూస్తూ మాట్లాడాడు.

"కట్టు పెట్టింది నువ్వే మామా. తెగింది నీ ఇంట్లోనే. ఆమెను యాడికన్నా పంపించు. లేదంటే నీ ఇల్లు కూడా కట్టులోకి వస్తాది."

"నా బిడ్డ. యాడికి పంపేది?" అన్నాడు తాతయ్య. కొంచెం ఆగి, "కట్టు కట్టే. నేనూ దాంట్లోనే ఉంటాలే. మీరు పోండి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన గుంటలోకి దిగి నేత మొదలుపెట్టాడు. తలుపు వెనక నిలబడి విన్న అత్త ఎప్పటిలాగే షెడ్డుకు వెళ్ళింది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

అసలు కష్టం పడుగు దగ్గర వచ్చింది. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నింటినీ వీధి పొడుగునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. కుంచెకు అటొకరు ఇటొకరు ఉండాలి. కొసలు పట్టేవాళ్ళు, అతుక్కున్న పోగులు విడదీసేవాళ్ళు ఉండాలి. ఏడెనిమిది మంది లేనిదే అది అయ్యే పని కాదు. అందుకే ఒకరి పడుగుకు ఇరుగుపొరుగు అందరూ పిలవకుండానే వచ్చేవాళ్ళు. ఎండ ఎక్కే లోపల ముగించకపోతే గంజి పొరలు కట్టి పోగులు చెక్కలా బిగుసుకుంటాయి. ఆ నూలు ఇంక పనికిరాదు.

ఎవరూ రారని తెలిసీ తాతయ్య ఒక తెల్లవారుజామున పడుగు సాగదీశాడు. ఇంకెన్ని రోజులు ఆపుతాడు? చేతిలో ఉన్న నూలు అదొక్కటే. నాయన ఒక కొస పట్టాడు, పట్టేవాళ్ళు లేక రెండో కొస గుంజకు కట్టేశారు, అమ్మ పోగుల దగ్గర. నేను గంజి చెంబు అందిస్తున్నాను. కుంచె తాతయ్య ఒక్కడే పట్టుకుంటే రెండో వైపు వాలిపోతోంది. మగవాళ్ళు తమ వసారాల్లో కూర్చుని చూస్తున్నారు. వాళ్ళ ముఖాల్లో సంతోషం ఏమీ లేదు. కానీ ఎవరూ కిందికి దిగలేదు. తూర్పున ఎండ గోడల మీదికి వచ్చేసింది. పడుగు మధ్యలో ఒకచోట పోగులు అప్పుడే తెల్లగా అతుక్కోసాగాయి.

షెడ్డుకు పోవాల్సిన అత్త ఇంట్లోంచి వచ్చి కొంగు దోపుకుని, కుంచె రెండో వైపు పట్టుకుంది. మా వీధిలో ఆడది కుంచె పట్టడం అంతకుముందు లేదు. తాతయ్య ఆమె వైపు చూశాడు. ఆయన కుంచె వదల్లేదు. ఇద్దరూ కలిసి ఒక అడుగు వేశారు. తరువాత ఇంకో అడుగు.

ఎదురింటి వసారాలో రాట్నం ఆగింది. అక్కడ కండెలు చుట్టే అక్క చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగింది. ఆమె మొగుడు వెనకనుంచి కేక వేశాడు.

"యాడికి మే?"

"పోగు ఎండిపోతా ఉండాది, కనపళ్ళా?" అని ఆమె తల తిప్పకుండానే చెప్పి వచ్చేసింది.

ఆమె వెనక ఇంకొకామె, పక్కింటి అవ్వ, పెళ్ళి కావాల్సిన ఇద్దరు పిల్లలు, ఇంకో ఇద్దరు. చూస్తుండగానే ఏడుగురయ్యారు. అందరూ కండెలు చుట్టేవాళ్ళే. అందరూ ఆ మధ్య ఏదో ఒక ఇంటి పని పోయినవాళ్ళే. అతుక్కున్న పోగులను వాళ్ళ వేళ్ళు విడదీసుకుంటూ పోయాయి. అంత వేగం మగవాళ్ళ వేళ్ళలో నేను చూడలేదు.

కాసేపటికి రేకుల షెడ్డులో మోటారు ఆగిపోయింది. చిన్నాయన వచ్చి వీధి మలుపులో నిలబడ్డాడు. తను దగ్గరికి వస్తే కట్టు తప్పినట్టవుతుందని అక్కడే ఆగిపోయాడు. తాతయ్య చాలాసేపు ఆయన్ని చూడనట్టే పని చేశాడు. చివరికి చెమట తుడుచుకుని గట్టిగా అరిచాడు.

"ఆడ నిలబడుకోని ఏం సూస్తావప్పా? వచ్చి ఈ కొస పట్టుకో!"

వీధంతా ఆ కేక విన్నది. చిన్నాయన పరుగున వచ్చి కొస పట్టుకున్నాడు. ఆ తరువాత వసారాల్లోంచి ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూడా దిగారు. అందరూ కాదు.

పడుగు ముగిసింది. నలభై యాభై పోగులు తెగిపోయాయి. తాతయ్యా అత్తా ఎదురెదురుగా కూర్చుని వాటిని ముడి వేశారు. అప్పుడు కూడా పెద్దగా మాట్లాడుకోలేదు. "ఇది పట్టు", "అది వదులు", అంతే. అయితే ఈసారి ఆయన గోడకు చెప్పలేదు.

ఆ వారమే తాతయ్య మళ్ళీ మందిరంలో అందర్నీ కూర్చోబెట్టాడు. ఈసారి ఆడవాళ్ళను లోపలికి రమ్మన్నాడు. వాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు తలుపు దగ్గరే నిలబడి, తరువాత ఒక పక్కన సర్దుకున్నారు. నన్ను తాతయ్య తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తీర్పు చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ కూర్చునే చెప్పేవాడు. ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"నేను భయపడి పెట్టినా ఆ కట్టును. భయంలో ఎవుర్ని అడగాల్నో వాళ్ళను అడగలా. తప్పు సేసినా. పెట్టింది నేనే, తీసేస్తా ఉండేదీ నేనే."

"పెద్దమనిషే మాట మారిస్తే ఇంగ ఎవురి మాట నిలుస్తాది?" అని ఒకాయన లేచాడు. తాతయ్య ఆయన వైపు తిరిగాడు. "నిలవకపోతే పోనీ" అన్నాడు.

కట్టు తీసేసి ఊరుకోలేదు. షెడ్డులో పనికి ముందు ఈ వీధివాళ్ళను తీసుకోవాలి, ఆడవాళ్ళు వస్తే నేర్పాలి, దీపాలు పెట్టే వేళకు మోటారు ఆపాలి అని చిన్నాయన చేత ఒప్పించాడు. ఆ మూడు మాటలూ మా అత్త, ఎదురింటి అక్క కలిసి అంతకుముందే అనుకున్నవని నాకు తరువాత తెలిసింది.

ఇదంతా బాగా ముగిసిందని చెప్పలేను. పదేళ్ళలో వీధిలో సగం ఇళ్ళకు మరమగ్గాలు వచ్చాయి. దీపాల వేళకు ఆపాలన్న మాట రెండేళ్ళే నిలిచింది. గుంటమగ్గం తప్ప ఇంకేమీ రాని ఇద్దరు ఇల్లు ఖాళీ చేసి తిరుపతికి పోయి లాడ్జీల్లో పనికి కుదిరారు. మా అత్త నాలుగు మగ్గాలు చూసుకునేంత పనిమంతురాలైంది, ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళు చాలామంది. చివరి రోజుల్లో ఆమెకు చెవులు సరిగా వినపడేవి కావు. తాతయ్య మాత్రం కళ్ళు సహకరించినంత కాలం గుంటలోనే కూర్చుని నేశాడు. తగాదాలకు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కూతురి కోసం మాట తప్పాడని కొందరు వెనక అనుకునేవాళ్ళు.

నేను కాలేజీలో చేరాక ఒకసారి ఆ మాట నిజమేనా అని ఆయన్నే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు.

"నిజమే పాపా. నా బిడ్డ కాబట్టే నాకు కనపడింది. వేరేవోళ్ళ బిడ్డయితే ఇంగా సానా కాలం కనపడకపోయుండు" అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళు బడిలో పంతులమ్మగా పనిచేశాను. ఒకసారి ఒక పిల్లను, తను చేయని పనికి, తరగతి మొత్తం ముందు నానా మాటలూ అన్నాను. మర్నాడు నిజం తెలిసింది. ఆ పిల్లను స్టాఫ్ రూముకు పిలిచి, తల నిమిరి పంపేస్తే సరిపోయేది. తోటి టీచర్లు అదే సలహా ఇచ్చారు. నేను అదే తరగతికి వెళ్ళి, అదే పిల్లలందరి ముందు నిలబడి, నిన్న నేను చేసింది తప్పు అని చెప్పాను. చెబుతున్నంతసేపూ నా మోకాళ్ళు వణికాయి. దానికి నేను సిగ్గుపడలేదు. ఆ రోజు మందిరంలో తాతయ్య లేచి నిలబడినప్పుడు ఆయన పంచె అంచు నా భుజానికి తగులుతూ ఉండింది. ఆయన మాట్లాడినంతసేపూ అది వణుకుతూనే ఉంది. కానీ ఆయన కూర్చోలేదు.