నిప్పు చూసిన గొడ్డలి

నిన్న తెనాలిలో మా వరండాలో కూర్చుని, విశాఖ నుంచి తెచ్చుకున్న గోల్ఫ్ కర్రకి విరిగిన కామ, అదే పట్టుకునే పొడుగు పిడి, తీసి కొత్తది వేసుకుంది మా మనవరాలు. కింది ఇనప ముక్క మెడకి చిన్న గ్యాస్ మంట చూపించి, లోపలి జిగురు మెత్తబడగానే మెలితిప్పి లాగింది. "ఎక్కువ కాలిస్తే పాడైపోద్ది అమ్మమ్మా" అంటూ ముప్పై దాకా లెక్కపెట్టి మంట ఆపింది. ఖాళీ అయిన కన్నంలోంచి మాడు వాసన వచ్చేసరికి చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. అరవై రెండేళ్ళ కిందటి వాసన అది.

అప్పుడు మేం వేమూరులో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టి, కాలవలకి నీళ్ళు ఇంకా వదలకముందు, ఇంట్లో మామిడి ముక్కలు ఆవపిండిలో ఊరుతున్న రోజుల్లో, మా పాలేరు దేవదానం పెరట్లో నీడ చూసుకుని కూర్చుని పనిముట్లన్నిటికీ కామలు మార్చేవాడు: పారలు ఆరు, గొడ్డళ్ళు రెండు, కొడవళ్ళు పద్నాలుగు. తుమ్మకర్రని నెల ముందే కాలవ బురదలో నానేసి, నీడన ఆరబెట్టి, గాజుపెంకుతో నున్నగా గీకి, కన్నంలో దిగగొట్టి, పైన చీలిక కొట్టి, బిగుసుకోవడానికి నీళ్ళతొట్టిలో వేసేవాడు. ఊళ్ళో ఎవరి గొడ్డలి ఊడినా దేవదానం కోసమే కబురు వచ్చేది. విరిగిన ముక్క కన్నంలో ఇరుక్కుంటే సన్న ఉలితో పూటంతా తొలిచేవాడే గాని కాల్చేవాడు కాదు. "నిప్పు చూపిస్తే ఇనుముకి పౌరుషం పోద్దండి అమ్మాయిగారూ" అనేవాడు.

ఆ ఏడు ఒక గొడ్డలి అలాగే మొరాయించింది. దాని పని అయ్యాక, మిగిలిన తుమ్మముక్కతో నాకు బిళ్ళంగోడు చెక్కిపెడతానన్నాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. అతను అన్నం తినడానికి కాలవగట్టుకి వెళ్ళగానే, గొడ్డలిని తీసుకెళ్ళి వడ్లు ఉడకబెట్టే ఊకపొయ్యిలో దోపాను. కర్రముక్క బూడిదయింది. ఎర్రగా కాలిన ఇనుముని పట్టకారుతో తీసి బాల్చీలో పడేస్తే చుయ్యిమంది.

తిరిగొచ్చిన దేవదానం ఆ కన్నాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరు తీశారండి?"

"నేనే. ఉలితో."

"అబ్బో, నాకే పని నేర్పేట్టున్నారే!" అని నవ్వాడు. దానికి కామ వేసి, ఎవరూ వాడకుండా చూరులో దోపాడు. బిళ్ళంగోడూ చెక్కిచ్చాడు.

మూడో రోజు నాన్న చూరులోంచి ఆ గొడ్డలే తీసి మొద్దు కొడుతుంటే, బొటనవేలి గోరంత అంచు విరిగి ఎగిరి ఆయన పిక్కలో దిగింది. అప్పుడు వాకిట్లో ఏడుగురం ఉన్నాం: నాన్న, అమ్మ, ఇద్దరు కూలీలు, దేవదానం, అతనికి అన్నం తెచ్చిన కూతురు మరియమ్మ, నేను. మరియమ్మది నా ఈడే.

"నిప్పులో పెట్టావేంట్రా? ఇదేనా నీ పనితనం?" అని విరిగిన అంచు చూసి అరిచారు నాన్న.

దేవదానం నావైపు చూడలేదు. "తొందరపడ్డానండి" అన్నాడు. మరియమ్మ క్యారేజీ పట్టుకుని తండ్రి మొహంలోకే చూస్తోంది. నా చేతిలో బిళ్ళంగోడు ఉంది.

ఆ తర్వాత మా పనిముట్లు రేపల్లె వడ్రంగి దగ్గరికి వెళ్ళాయి. ఊళ్ళోవాళ్ళూ దేవదానాన్ని పిలవడం మానేశారు. అతను కలుపు తీశాడు, బస్తాలు మోశాడు. ఉలి పట్టుకోగా మాత్రం మళ్ళీ చూడలేదు.

బాపట్లలో చదువుకునేటప్పుడు, ఇరవై రెండో ఏట, సెలవులకి వచ్చి అతనికి నిజం చెప్పాను.

"వాసన దాగుద్దా అమ్మా? నాకు ఆ రోజే తెలుసు. మరి అయ్యగారికి చెప్పారా?"

చెప్పలేదు. చెబుదాం చెబుదామనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను. నాన్న పోయారు. మరుసటేడు దేవదానం పోయాడు.

ఇప్పుడు ఊకపొయ్యిలు లేవు. తుమ్మకర్ర నానేసేవాళ్ళూ లేరు. తెనాలి బజార్లో గొడ్డళ్ళు ఫైబరు కామలతోనే దొరుకుతున్నాయి. ఇదంతా విన్న మనవరాలు, కొత్త కామకి జిగురు రాస్తూ, "ఆ ఏడుగురిలో ఇంకా ఎవరున్నారు అమ్మమ్మా?" అంది.

ఇద్దరం. మరియమ్మ టీచరుగా రిటైరై రేపల్లెలో ఉంటోంది. వాళ్ళ నాన్న పని చెడగొట్టాడన్నదే ఆమెకి ఇప్పటికీ తెలిసిన సంగతి. తెనాలి నుంచి రేపల్లెకి రైల్లో గంటంబావు. అరవై రెండేళ్ళలో నాకు ఆ గంటంబావు దొరకలేదు.